మెయిన్ స్విచ్ మీద రెండు తాళాలు

మా పాపకు రెండేళ్లు నిండిన సంవత్సరం, 2023. జంషెడ్‌పూర్‌లో వానలు మొదలై వారం దాటింది. ఇళ్లలో కరెంటు, కెమెరాలు, ఇంటర్నెట్, ఫోను తీగలన్నీ ఒకచోటికి తెచ్చి బోర్డు కట్టే చిన్న సంస్థలో నేను పనిచేస్తున్నాను. పేరుకు ఎలక్ట్రికల్ ఇంజనీరుని. గోడలో పైపులు వేసి మేస్త్రీలు వెళ్లిపోయాక బోర్డు ముందు కూర్చుని తీగలు బిగించేది మాత్రం నేనే.

ఒకచోటికి తేవడమంటే అన్నీ ఒకే డబ్బాలో కుక్కేయడం కాదు. పైన పవర్ బాక్స్. అందులో ఎంసీబీలు ఉంటాయి, అంటే ఎక్కువ కరెంటు పారితే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు. కింద వేరే పెట్టెలో ఇంటర్నెట్ రౌటరు, కెమెరాల రికార్డరు, ఫోను తీగ. రెండింటి పైపులూ దూరంగా నడవాలి. కరెంటు తీగ పక్కనే నెట్‌వర్క్ తీగను పరిస్తే సిగ్నల్ చెడిపోతుంది, ఎక్కడైనా తొడుగు చిట్లితే ప్రమాదం కూడా.

ఆ ఇల్లు గోవింద్‌పూర్‌లో, లారీలు ఆగకుండా తిరిగే రోడ్డుకు రెండు సందుల లోపల ఉంది. ఇంటావిడ సుజాత ఒక బడిలో క్లర్కు. భర్తకు గమ్హరియాలో ఫ్యాక్టరీ పని. పగలు ఇంట్లో ఉండేది ఆమె మామగారు అప్పలస్వామి గారొక్కరే. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్లుగా మతిమరుపు. కొడుకు పేరు కూడా ఒక్కోరోజు గుర్తుండదు.

"మా మావకి ఇంకా డ్యూటీ ఉందనే ఉంటాది చెల్లీ," అంది సుజాత. "రెండు కొట్టీసరికి షిఫ్ట్ అయిపోనాది, ఛుట్టీ అంటారు. మెయిన్ బంద్, ఇన్వర్టర్ బంద్, ఇల్లంతా బంద్. కెమెరా కూడా పోద్ది. నాను బళ్లో ఫోన్లో సూత్తే నల్లటి తెర. పోయిన నెల అలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా ఎల్లిపోనారు. లారీ డ్రైవరెవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినాడు."

"బోర్డుకు తాళం వేసి చూశారా అక్కా?"

"ఏటి తాళం! స్క్రూడ్రైవర్‌తో తలుపే ఊడదీసినారు. ముప్పై ఏళ్లు అదే పని కదా మరి." నవ్వబోయి ఆగిపోయింది. "కెమెరా నడుత్తుంటే గేటు దగ్గరికి ఎల్లగానే సూసి పక్కింటోళ్లకి ఫోన్ చేత్తాను. అది ఆగిపోతే నాకు దిక్కు లేదు."

ఆ భయం నాకు విడమరచి చెప్పనక్కర్లేదు. అప్పట్లో నేను మా పాపను మా అత్తగారి దగ్గర వదిలి, ఇంట్లో పెట్టిన కెమెరాను గంటకు పదిసార్లు ఫోన్లో చూసేదాన్ని. పడుకుందా, లేచిందా, మెట్ల వైపు వెళ్తోందా. తెర ఒక్క క్షణం ఆగితే అత్తగారికి ఫోన్ చేసేదాన్ని. అందుకే సుజాత బడికి సెలవు పెట్టిన రోజు చూసుకుని, గట్టి ఉక్కు తలుపున్న పెట్టెతో పనికి వెళ్లాను. ఆ పెద్దాయనకు లొంగని పెట్టె.

పని మొదలుపెట్టాను. వరండాలో మీటరు పక్కన పాతకాలపు ఇనుప మెయిన్ స్విచ్ ఉంది. పిడి కిందికి లాగాను. హాల్లో ఫ్యాను ఆగింది. ఇన్వర్టర్ ముందున్న స్విచ్ కూడా నొక్కి ఆపాను. ఇంతలో ఫోను మోగింది. పాప ఏడుస్తోందని మా అత్తగారు. రెండు నిమిషాలు మాట్లాడి, ఒకసారి కెమెరాలో చూసి, ఆ ధ్యాసలోనే పాత బోర్డు ముందు కూర్చుని తీగ పట్టుకోబోయాను.

"ఆగు! హాథ్ మత్ లగా!"

చెయ్యి పెట్టొద్దని హిందీలో, కర్మాగారం మోతలో కూడా వినబడేలాంటి కేక. చెయ్యి వెనక్కి లాగేశాను. అప్పటిదాకా కుర్చీలో కిటికీ వైపు చూస్తూ కూర్చున్న అప్పలస్వామి గారు నా వెనక నిలబడి ఉన్నారు.

"ఏటి ఆపినావు?"

"మెయిన్ ఆపాను తాతా. ఇన్వర్టర్ కూడా."

"టెస్టర్ ఎట్టినావా?"

నా టెస్టర్ ఇంకా సంచీలోనే ఉంది.

"మూలకి సూడు. ఆ పచ్చ దీపం ఎవుడమ్మ మొగుడు ఎలిగించినాడు?"

ఇన్వర్టర్ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. టెస్టర్ పెట్టి చూస్తే నేను పట్టుకోబోయిన తీగలో నిండా కరెంటు. ఎవరో ఎప్పుడో ఇన్వర్టర్ సాకెట్‌కు మెయిన్ స్విచ్ దాటకుండా మీటరు నుంచే నేరుగా లైను లాగారు. ముందున్న బటన్ ఆపినా ఇన్వర్టర్ ఆ కరెంటును అలాగే బోర్డులోకి పంపిస్తుంది. కాలేజీలో చదివిన విషయమే. మా పాప ముఖం గుర్తొచ్చింది.

ఆయన నన్ను ఓదార్చలేదు. ఇన్వర్టర్ ప్లగ్గు పీకి, భుజం మీది తువ్వాలుతో దాన్ని మూట కట్టి ముడి వేశారు. బ్యాటరీ తీగ నా చేత విప్పించారు. లోపలికి వెళ్లి ట్రంకు పెట్టెలోంచి ఇత్తడి తాళం తెచ్చి మెయిన్ స్విచ్ పిడికున్న కన్నంలో వేసి, తాళంచెవి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"నీ తాళం ఏదీ?"

నా దగ్గర పనిముట్ల సంచీకి వేసే చిన్న తాళం తప్ప లేదు. అదే తీసి ఆయన తాళం పక్కన వేశాను. "పేరు రాసి కట్టు" అన్నారు. ఎంసీబీ వచ్చిన అట్టపెట్టె ముక్క చింపి 'శైలజ, పనిలో ఉంది' అని రాసి దారంతో కట్టాను. కర్మాగారంలో రివాజు ఇది. యంత్రం మీద ఎంతమంది పనిచేస్తుంటే స్విచ్‌కు అన్ని తాళాలు. ఎవరి తాళం చెవి వారి జేబులోనే ఉంటుంది. చివరి మనిషి బయటికొచ్చి తన తాళం తీసేదాకా ఆ స్విచ్ వేయలేరు.

"ఇప్పుడు టెస్టర్. ముందల కరెంటున్న కాడ ఎట్టి సూడు, అది బతికుందో నేదో తెలుత్తాది. తరవాత ఈడ. మళ్లీ ఆడ."

మూడుసార్లూ చూసి అప్పుడు తీగ ముట్టుకున్నాను. ఫోను సుజాతకు ఇచ్చేశాను. మూడు గంటలపాటు ఆయన నా పక్కనే నిలబడ్డారు. రెండయింది. సుజాత గడియారం వైపు, ఆయన వైపు చూసింది. ఆయన కదలలేదు.

"మావా, ఛుట్టీ అయిపోనాది కదా, తినండి" అంది పరీక్షగా.

"లోపల మనిషి పనిలో ఉంటే ఛుట్టీ ఏటి నీ మొహం!"

మీటరు దగ్గరి ఫ్యూజు కూడా పీకి ఇన్వర్టర్ లైనును మెయిన్ దాటాకే వచ్చేలా మార్చి, కింది పెట్టెకు ఇన్వర్టర్ నుంచి విడిగా లైను ఇచ్చి పని ముగించాను. ఆయన పనిముట్లన్నీ లెక్క చూపించమన్నారు. చూపించాక తన తాళం తీసుకున్నారు. నా చేతులు గ్రీజుగా ఉండడంతో తాళంచెవి ఆయనకు చాపి, "నాది కూడా తీసేయండి తాతా" అన్నాను.

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "నీ తాళం నానెలాగ ఇప్పుతాను? తప్పు."

సుజాతా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. స్క్రూడ్రైవర్‌తో తలుపులు ఊడదీసిన మనిషి, చేతికిచ్చిన చెవిని ముట్టుకోవడం లేదు.

నేను తెచ్చిన ఉక్కు తలుపు ఆ రోజు నా సంచీతోనే వెనక్కి వచ్చింది. ఇన్వర్టర్‌నీ రెండు బోర్డులనీ కలిపి మామూలు చెక్క తలుపు పెట్టి, నా చిన్న తాళం వేసి, అదే అట్టముక్క కట్టాం.

"కాయితం ముక్కకి ఆగుతారేటి?" అంది సుజాత.

మరుసటి రోజు రెండు గంటలకు ఫోన్ చేసింది. "చెల్లీ, కెమెరాలో సూత్తన్నాను. మావ బయటికి ఎల్లలేదు. మెయిన్ ముట్టుకోలేదు. బోర్డు ముందర కుర్చీ ఏసుకుని కూకున్నారు. పక్కింటావిడ అడిగితే, లోపల అమ్మాయి పనిలో ఉంది, ఒగ్గీసి ఎలాగెల్తాను అన్నారంట."

మతి వదిలేసిన మనిషిలో ఇది ఎక్కడ నిలిచి ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కానీ ఆ అట్ట మీద ఉన్నది నా పేరు. పని లేకుండా తాళం వదిలేస్తే ఆయన రివాజులో అది అబద్ధమవుతుంది. అందుకే రెండు వారాలకోసారి వెళ్లి, ఆయన ఎదుటే తాళం తీసి, తీగలన్నీ బిగుతు చూసి, మళ్లీ వేసి వస్తున్నాను. ఇప్పుడు నేను ఏ ఇంట్లో బోర్డు తెరిచినా ముందు ఫోను పక్కవాళ్లకిస్తాను. టెస్టర్ మూడుసార్లు పెడతాను. పాపను చూడాలనిపిస్తే చేతులు బోర్డు బయటికి తీశాకే చూస్తాను. ఇంటికి క్షేమంగా వెళ్తేనే కదా ఆ పిల్లకు నేనుండేది.

పాప నిద్రపోయింది కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను. మొన్న వెళ్లినప్పుడు అప్పలస్వామి గారు నన్ను గుర్తుపట్టలేదు. కుర్చీలోంచి లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"ఎవలమ్మా నువ్వు?"

"శైలజని తాతా."

ఆయన వెనక్కి తిరిగి, అట్టముక్క మీది అక్షరాలను వేలితో ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివారు. నా ముఖం చూశారు. మళ్లీ చదివారు. అప్పుడు పక్కకు జరిగారు.

"అయితే నువ్వే ఇప్పాల" అన్నారు.