గేటు లోపల బల్ల మీద

ఎనభైల మొదట్లో నంద్యాలలో పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో పనిచేసేదాన్ని. ఒకనాడు నా పక్క మనిషి కొంగు బెల్టులో చిక్కి చెయ్యి నలిగింది. బెల్టుకు అడ్డంగా జాలీ లేదని తనిఖీకి వచ్చిన అధికారితో చెప్పాను. వారం తిరక్కుండానే, మేస్త్రీతో తగాదా పెట్టుకున్నానని చెప్పి నన్ను పనిలోంచి తీసేశారు.

తిరిగి తీసుకోవాలని లేబర్ కోర్టు తీర్పు ఇచ్చింది. యజమాని హైకోర్టుకు పోయి స్టే తెచ్చుకున్నాడు. ఆ కేసు తేలేదాకా ఆళ్లగడ్డలో అమ్మ దగ్గరుండి శనగ చేలల్లో కూలికి పోయాను. చివరికి హైకోర్టు యజమాని పిటిషన్ కొట్టేసింది. యూనియన్ వకీలు కబురు పంపగానే తొలి బస్సెక్కి వచ్చాను.

గేటు తీశారు కానీ, జిన్ను యంత్రం దగ్గరికి పోనివ్వలేదు. గేటు లోపలున్న బల్ల చూపించి అక్కడ కూర్చోమన్నారు. హాజరు వేస్తారు, పని ఇవ్వరు. తీర్పు అమలు చేశామని చెప్పుకోవడానికి ఆ మాత్రం చాలనుకున్నారు. నాతో మాట్లాడితే పని ఉండదని మేస్త్రీ అందరికీ చెప్పాడట. నీళ్లకు లేచి పోతే ఆడవాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. ఒక్కరోజు మానినా మళ్లీ తీసేస్తారని వకీలు హెచ్చరించాడు. జ్వరంతో కూడా ఆ బల్ల మీదే కూర్చున్నాను.

నా జాగాలో బండి ఆత్మకూరు ఊరి పిల్ల ఒకతె పనిచేసేది. మొగుడు పోయాడు, ఇద్దరు బిడ్డలు. నేను లోపలికొస్తే ఆమె బయటికేనని యజమాని ఆమెతో అన్నాడు. ఆమె నా వైపు చూసేది కాదు. ఆమెను చూస్తే నాకూ కడుపు మండేది.

యూనియన్ ఫిర్యాదు మీద కర్నూలు నుంచి లేబర్ ఆఫీసర్ వస్తున్నాడని తెలిసిన పొద్దున, మేస్త్రీ గబగబా వచ్చి నన్ను జిన్ను ముందు నిలబెట్టాడు. ఆ పిల్లను పక్కన పత్తి ఏరమన్నాడు. ఆఫీసర్ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. యజమాని నవ్వి, ఈమెకు అబద్ధాలు అలవాటేనని, ఎవరినైనా అడగమని అన్నాడు. ఈమె రోజూ ఇక్కడే పనిచేస్తోందా అని ఆఫీసర్ వరసంతా అడిగాడు. ఒక్కరూ తలెత్తలేదు. చివరికి ఆ పిల్ల దగ్గర ఆగాడు. యజమాని ఆమెనే చూస్తున్నాడు.

ఆమె చేతిలోని పత్తి కింద పెట్టి లేచింది.

"లేదు సార్. ఈయమ్మను రోజూ గేటు కాడ కూసోబెడతారు. ఈ జాగాలో నేనే పని చేస్తాండా."

ఆఫీసర్ ఆమె మాట రాయించుకుని వేలిముద్ర తీసుకున్నాడు. తీర్పును ధిక్కరిస్తే శిక్ష పడుతుందని యజమానికి మొహం మీదే చెప్పాడు.

మధ్యాహ్నం నీళ్ల కుండ దగ్గర ఆమెను అడిగాను.

"ఎందుకు చెప్పినావే? నీ పని పోతాదని తెలీదా?"

"తెలుసక్కా. అడిగినాడు గదా, ఉన్నదే చెప్పినా."

మరుసటి రోజు నుంచి నన్ను జిన్ను మీదే పెట్టారు. ఆమెను ఎండలో పత్తి ఏరే పనికి మార్చారు. తర్వాతి సీజనుకు పిలవలేదు. నేనే వెంటబెట్టుకుని వకీలు దగ్గరికి తీసుకుపోయాను. కేసు వేయొచ్చు కానీ ఏళ్లు పడుతుందన్నాడు. అన్నేళ్లు బిడ్డలకు ఏం పెట్టాలని అడిగి ఆమె లేచింది. సంజామల వైపు పత్తి తీతకు పోయిందని తర్వాత విన్నాను. మిల్లు మూతపడేదాకా నేను ఆ జిన్ను మీదే పనిచేశాను.