ఆకుపచ్చ నూలు మీద నా హక్కు

పోయిన వారం మా కాలేజీ నోటీసు బోర్డు మీద మా వదిన ఫోటో అంటించారు. వదిన అంటే మా మేనమామ కూతురు, నాకంటే ఏడాది పెద్దది, ఇప్పుడు బెంగళూరులో పేరున్న శాస్త్రవేత్త. పిల్లలకు ఉపన్యాసం ఇవ్వడానికి ఆదోని వస్తోందనీ, ఇన్నేళ్లుగా ఇక్కడ కెమిస్ట్రీ చెబుతున్న నేనే ఆమెకు స్వాగతం పలకాలనీ ప్రిన్సిపాల్ గారు సెలవిచ్చారు. ఫోటోలో ఆమె జుట్టు నా జుట్టంత నెరవలేదు. రంగేసుకుని ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను, రంగులు ఆ ఇంటికి కొత్త కాదు గదా.

మా మేనమామది ఎమ్మిగనూరులో నూలుకు రంగులు వేసే పని. పెరటి నిండా తొట్లు, దండేల మీద ఆరేసిన చిలపలు, అంటే నూలు కట్టలు. రంగు తప్పిన చిలపను నేతగాళ్లకు ఇవ్వడం ఆయనకు నామోషీ. అది ఇంటి ఆడపిల్లలకే చెందేది. దానితో జడకుచ్చులు అల్లుకునేవాళ్లం, అల్లుకునే ముందు అది ఎవరిదని జుట్లు పట్టుకునేవాళ్లం. డిగ్రీకి వదిన ఆదోనిలో మా ఇంట్లోనే ఉండి నాతో పాటు చదివింది. కెమిస్ట్రీలో మార్కులు నాకే ఎక్కువ. ఈ మాట రాయకుండా ముందుకు పోవడం నావల్ల కాదు.

డిగ్రీ మధ్యలో ఒక వేసవి సెలవులకు ఇద్దరం ఎమ్మిగనూరు వెళ్లేసరికి మామ నల్లనూలు వేస్తున్నాడు. ఆ నలుపు ఒక్కసారిగా రాదు, ముందు ఆకుపచ్చగా తేలి, చివరి తొట్టిలో ముంచాకనే నల్లబడుతుంది. ఆ రోజు హొళగుంద నుంచి చుట్టాలొచ్చారు, సగం కన్నడం సగం తెలుగు కబుర్లలో పడి మామ ఆ చివరి తొట్టి సంగతే మరచిపోయాడు.

"థూ, నల్లనూలు కాస్తా రామచిలకల మాదిరి అయిపాయె గదమ్మా! తీసుకోండి, కుచ్చులేసుకుని ఊరేగండి" అన్నాడు.

నేను చదువుకున్నదాన్ని గదా, ఊరుకుంటానా? ఒక పోగు తెంచి బట్టల సోడా నీళ్లలో వేస్తే నీలమైంది, నిమ్మకాయ పిండితే మళ్లీ ఆకుపచ్చకు తిరిగింది. పెరడంతా నా చుట్టూ చేరింది, చుట్టాలు మళ్లీ చెయ్యి మళ్లీ చెయ్యి అంటే చేతులు పొక్కేదాకా చేశాను. వదిన మాత్రం ఒక పోగు పట్టుకుని మూల కూర్చుంది.

"ఏమ్మే, పైన రంగు మారితే, లోపల ఏమి మారుతాందో?"

"ఏమి మారితే నీకేల? సూడ్డానికి బాగుంది గదా!"

సెలవులయ్యాక ఆమె ఆ పోగులను ఫిజిక్సు ల్యాబుకు పట్టుకుపోయి మీటరు పెట్టి చూసింది. ఆకుపచ్చ పోగుకు ముల్లు కదిలింది, నీలం పోగుకు కదల్లేదు. నాకు ఆదోనిలోనే ఉద్యోగం దొరికింది, అందరూ నా అదృష్టాన్ని మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఆమె ఆ ముల్లు వెంటబడి బెంగళూరు చేరింది. ఆ ఆకుపచ్చ పదార్థం ప్లాస్టిక్ జాతిదే, కాని తీగలాగా కరెంటును పోనిస్తుంది. ఒంట్లో కరెంటు ఉప్పునీటి దారిన నడుస్తుంది, యంత్రాల్లో లోహం దారిన; ఈ మెత్తటి పదార్థానికి రెండు దారులూ తెలుసు. దాన్ని నూలుకు పట్టించి, ఆ నూలుపట్టీ రొమ్ముకు అంటించి గుండె కొట్టుకోవడం చూడడం ఆమె పని.

మా అమ్మ ఇరుగుపొరుగుకు చెప్పే తీరు వినాలి. "నా మేనగోడలు దారంతో గుండె సప్పుడు పట్టుకుంటాదంట. మా పాపనా? అది కాలేజీలో పాఠాలు సెప్తాది."

ఇన్నేళ్లూ నన్ను నిలబెట్టింది ఒక్కటే మాట: ఆ కిటుకు నాది. పేపర్లలో ఆమె గురించి వచ్చినప్పుడల్లా నా పేరు వెతికాను, కనబడనప్పుడల్లా ఆ పెరటి సంగతి మా ఆయనకు పూసగుచ్చి చెప్పాను, ఆయన నీళ్లు తాగే నెపంతో లేచిపోయేవాడు. ఉపన్యాసం రోజున ముందు వరుసలో కూర్చుని, ఆమె నా పేరు ఎగ్గొడితే వందన సమర్పణలో నేనే కడిగేద్దామని సిద్ధంగా ఉన్నాను.

ఆమె ఒక పిల్ల చేతులకు నూలుపట్టీలు చుట్టింది, తెర మీద ఆ పిల్ల గుండె గీతలు గీతలుగా ఎగిరింది. తర్వాత ఎమ్మిగనూరు పెరటి కథ ఎత్తుకుంది.

"ఆ సోడా, నిమ్మకాయ కిటుకు నాది గాదప్పా. అదో, ముందర కూసున్న మా మరదలిది. ఆ పొద్దు అది సేయకపోయింటే నేనీడ నిలబడేదాన్నే గాదు."

హాలంతా చప్పట్లు. లేచి దండం పెట్టక తప్పలేదు. కోరుకున్నది ఇదే గదా! కాని నాకంటూ మిగిలిన ఒక్క ఫిర్యాదునూ నలుగురిలో నవ్వుతూ తీసుకుపోయింది.

కారెక్కే ముందు ఉండబట్టలేక అడిగాను, ఇన్నేళ్లకు గుర్తొచ్చినానా వదినా అని. ఒకప్పుడైతే నాలుగు మాటలు ఎదురు అంటించి ఉండేది. ఇప్పుడు నా భుజం తట్టి, "అవునే, ఎప్పుడో సెప్పాల్సింది, నాదే తప్పు" అనేసింది.

మా కాలంలో ఏదీ అడక్కుండా ఇచ్చుకున్నవాళ్లం కాదు, గుంజుకున్నాం, గీరుకున్నాం, ఆ రాత్రికి ఒకే చాప మీద పడుకున్నాం. ఇప్పుడు ఆమె అడక్కుండానే ఇచ్చేయగలదు. నాతో పోట్లాడవలసిన అవసరం ఆమెకు ఎప్పుడో తీరిపోయింది, నాకే ఇంకా తీరలేదు.