గంజి కలిపిన కాగితం

స్కూల్లో చెప్పారని మా పాప కాగితం తయారుచేస్తానంటూ పాత పేపర్లు బకెట్లో నానబెట్టింది. ఆ వాసనకి నా చిన్నప్పుడు చందానగర్‌లో మేమున్న అద్దె ఇల్లు గుర్తొచ్చింది. హైటెక్ సిటీ కొత్తగా తెరిచిన రోజులవి. అక్కడ ఉద్యోగం దొరికిన మా బాబాయి మెడలో కార్డు తీయకుండానే అన్నం తినేవాడు.

"ఇంకో ఐదేళ్లలో కాగితమే ఉండదే పిల్లా! అంతా కంప్యూటరే" అన్నాడొక రోజు.

ఇక బొమ్మలు దేనిమీద వేసుకోవాలని హడలిపోయాను. పేపర్లు చించి నానబెట్టి, అమ్మచేత మిక్సీలో రుబ్బించి, సిరా పాకకుండా గంజి కలిపి, జల్లెడ మీద పరిచి ఎండబెట్టాను.

"ఏంటే ఇది, అప్పడమా?" అని బాబాయి పగలబడి నవ్వాడు. అలా నవ్విన మనిషి, ఆఫీసులో తనకొచ్చిన ప్రతి ఈమెయిలునీ ప్రింటు తీసి, ఇంటికి తెచ్చి ఫైల్లో గుచ్చుకునేవాడు. కాగితం పోతుందన్న వ్యాసం కూడా అందులోనే ఉండేది.

ఇందాక ఫోన్లో మళ్లీ బాబాయిదే ఆ గొంతు. "పాపకి చేతిరాత దేనికే? రేపు రాసేదెవరు?"

కాసేపు నిజంగానే భయపడ్డాను. తర్వాత ఆ లావుపాటి ఫైలు గుర్తొచ్చింది. లేచి, కాసింత గంజి కాచి పాప బకెట్లో పోశాను.