గంగ చెంబుకు పట్టిన చిలుము

కన్నతల్లిని మేము అవ్వ అనే పిలుస్తాం. మా అవ్వకు గురువారం సాయంత్రం సామాన్లు తోమే పొద్దు. శుక్రవారం నాడు ఇత్తడిని తోమనిచ్చేది కాదు. లక్ష్మి ఇంట్లోకి వచ్చే వేళకు ఆమె కూర్చునే పీట ఆరి ఉండాలి కానీ తడిగా ఉండకూడదు అనేది. అందుకని గురువారం మధ్యాహ్నమే ఇంత చింతపండు నానేది. దీపంతెలు, హారతి పళ్లెం, గంట, రాగి చెంబు, ఉద్ధరిణి, అన్నీ దేవుని అర్రలోంచి పెరట్లోకి వచ్చేవి.

మాది చొప్పదండిలో నేత ఇల్లు. బాపు, అంటే మా నాయన, సాంచెలు అనే మరమగ్గాలు నడిపేవాడు. సాంచెల కింద రాలిన చిక్కు నూలును అవ్వ ఉండలుగా చుట్టి పీచుకు బదులు వాడేది. కొబ్బరి పీచు గీరుతుందట, నూలు నిమురుతుందట. ఇంట్లో రోజంతా సాంచెల చప్పుడు. అందులో మాట వినపడాలంటే అరవాలి. అవ్వ మాత్రం అరవకుండా చేత్తోనే చూపించేది, ఇక్కడ రుద్దు, ఇక్కడ వదిలెయ్యి అని.

నేను బడికి పోలేదు. పలక మీద అక్షరాలు బాపు దిద్దించాడు, మిగిలినవన్నీ అవ్వ చేతి కింద నేర్చుకున్నాను. చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి రాసి, ఎక్కువసేపు వదిలేస్తే ఇత్తడి ఎర్రబారుతుంది. రాగికి పులుపు తగిలిందంటే చాలు, లోపలి లేత రంగు పైకి తేలుతుంది. కానీ మీద ఒక్క చుక్క నీరు నిలిచినా తెల్లారేసరికి నల్లటి మచ్చ. కడగడం కంటే తుడవడమే పెద్ద పని. పొడిబట్టతో తుడిచి, ఎండ ఉంటే ఎండకు, లేకపోతే పొయ్యి పక్కన వెచ్చకు పెట్టాలి. పండగలకు మాత్రమే తీసే సామాన్లకు కొబ్బరినూనె అంటీ అంటనట్టు రాసి, పాత ధోవతి గుడ్డలో చుట్టాలి. ఈ కాస్త విద్యతోనే ఇచ్చోడలో మా అత్తగారింట్లో మంచి పేరు తెచ్చుకున్నాను. మెరిసే దీపం ముందు కూర్చున్నప్పుడల్లా, నాకు ఇలాంటి తల్లిని ఇచ్చావు స్వామీ అని దండం పెట్టుకుంటాను.

అవ్వ తోమే సామాన్లలో గంగ చెంబు ఒకటి ఉండేది. మా వైపు గోదావరిని గంగ అనే అంటారు. నేను చిన్నగా ఉన్నప్పుడు అవ్వా బాపూ ధర్మపురి పోయి, స్వామి దర్శనం చేసుకుని, పిడికిట్లో ఇమిడేంత రాగి చెంబు ఒకటి కొన్నారు. దాన్ని గంగలో ముంచి నింపి, గట్టు మీద మాట్లు వేసే మనిషితో మూతి మూయించారు. ఆయన సీసం కరిగించి మూతి చుట్టూ పోసి, నీటి చుక్క బయటికి రాకుండా మాటు వేశాడు. ప్రాణం పోయేముందు నోట్లో పోయడానికి ఆ నీళ్లు. ఇద్దరికీ కలిపి ఒకటే చెంబు. "ముందుగాల పోయినోళ్లకు సగం. ఉన్నోళ్లు మళ్ల మాటేపిచ్చుకోవాలె" అని బాపు నవ్వేవాడు.

బాపుకు ఆ సగం అందలేదు. నూలు కోసం కరీంనగర్ పోయి, బస్టాండులో కూర్చున్నచోటే వాలిపోయాడు. పక్కనున్న ఎవరో సీసాతో నీళ్లు తాగించారట. వాళ్లెవరో మాకు తెలియదు. ఎక్కడున్నా వాళ్ల పిల్లాజెల్లా చల్లగా ఉండాలి. కానీ అవ్వ మనసు ఊరుకోలేదు.

"మీ బాపు నోట్లె గంగ పడలే బిడ్డా. ఇంట్ల పెట్టుకొని కూడ పడలే. నన్నన్న గట్ల పోనియ్యకుండ్రి. గా చెంబు తీసి, గండ్లకెల్లే పోయుండ్రి."

మమ్మల్ని ఆమె అడిగింది జీవితంలో ఆ ఒక్కటే. చీర అడగలేదు, నగ అడగలేదు, మా ఇంటికి తీసుకుపొమ్మని కూడా అడగలేదు. నా తమ్ముడూ నేనూ ఆమె చేతిలో చెయ్యివేసి మాట ఇచ్చాం.

అప్పటినుంచి గంగ చెంబంటే ఆమెకు మరీ ప్రాణమైంది. వారం వారం తోమేది. చెంబంతా పొద్దుటి ఎండలా ఎర్రగా మెరుస్తుంటే, మూతి చుట్టూ ఉన్న మాటు మాత్రం బూడిదరంగులో మసకగా ఉండేది. సీసం రంగే అది. అవ్వ కంటికి మాత్రం అది పోని మకిలి. చింతపండు అక్కడే అద్ది, బొటనవేలితో గుండ్రంగా తిప్పుతూ రుద్దేది. కొన్నేళ్లకు ఆ మాటు అంచున సన్నగా పచ్చటి చిలుము రావడం మొదలైంది. చెంబు కింద పరిచిన గుడ్డ మీద కూడా పచ్చటి చార పడేది. సరిగా తుడవకపోవడం వల్లేనని అవ్వ నమ్మకం. మాటలు పడేది తమ్ముడి భార్య.

"పొడిబట్టతోని తుడువమంటె గా ఫోన్ల తలకాయ పెట్టినవా? సూడు, గంగమ్మ మూతికి చిలుం కట్టింది."

"మీ ముంగటనే తుడిచిన గదా అత్తా! గది ఎన్నిసార్లు తుడిచినా మళ్ల పచ్చగనే అయితుంది. దుకాణంల పొడి అమ్ముతరు, తెస్త. ఒక్కపారి రుద్దితె తళతళ మెరుస్తది."

"గా పొడి నీ మొకానికి రుద్దుకో, నువ్వే మెరుస్తవ్."

"నేను మెరిస్తె మీ కొడుకు పరేషాన్ అయితడు అత్తా."

పండక్కి వచ్చి ఉన్న నేను నవ్వాపుకోలేకపోయాను. అవ్వ నావైపు తిరిగింది. "నువ్వేం నవ్వుతవ్? ఇచ్చోడ పోయినంక నీ చెయ్యి కూడ మొద్దువారింది. మరాఠోళ్ల లెక్క ఇంత నిమ్మచెక్క రుద్ది 'ఝాలా' అంటవ్, అయిపోయినట్టు."

అట్లా నవ్వుకుంటూ, ఒకరినొకరు అనుకుంటూ, ముగ్గురం వంతులవారీగా ఆ మూతిని రుద్దాం. పచ్చదనం కనిపించినకొద్దీ ఇంకా ఎక్కువ రుద్దాం.

ఈ ఎండాకాలం అవ్వకు కాళ్లు వాచాయి, తర్వాత మొహం వాచింది. కిడ్నీలు పనిచేయడం లేదన్నారు. కరీంనగర్ ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మని మెల్లగా చెప్పారు. ఆ డాక్టరమ్మ చెప్పేటప్పుడు అవ్వ చెయ్యి నిమురుతూనే ఉంది. ఆమెకు నా నమస్కారం. నేను ఇచ్చోడ నుంచి వచ్చి చొప్పదండిలోనే ఉండిపోయాను. దేవుని అర్ర కనపడేటట్టు అవ్వ మంచం వేశాం.

ఒకనాడు పొద్దున్నే అవ్వ కళ్లు తెరిచి నన్ను పిలిచింది. గొంతు స్పష్టంగా ఉంది.

"బిడ్డా, గంగ తీయుండ్రి."

తమ్ముడు స్నానం చేసి వచ్చి, దేవుడికి మొక్కి, చెంబును చేతిలోకి తీసుకున్నాడు. మంచానికి కాస్త దూరంగా నేలమీద కూర్చుని స్క్రూడ్రైవరు కొనను మాటు కింద పెట్టాడు. పెట్టీ పెట్టకముందే ఆగిపోయాడు.

"అక్కా, గిది గింత అల్కగున్నదేంది?"

నేను తీసుకుని చూశాను. వచ్చినప్పుడల్లా పట్టుకుని రుద్దిన నా చేతికి బరువు ఎప్పుడు తగ్గిందో తెలియలేదు. తమ్ముడు చాలా ఏళ్ల తర్వాత పట్టుకున్నాడు కాబట్టి అతనికి తెలిసింది. మాటు ఉల్లిపొరలా లేచి వచ్చింది. ఒకవైపు సూది దూరేంత సందు ఉంది. చెంబును వంచితే అరచేతిలో ఇంత పచ్చటి పొడి రాలింది. నీళ్లు లేవు.

అప్పుడు అర్థమైంది. మా చింతపండు పులుపుకు, మా బొటనవేళ్లకు ఆ మాటు ఏటికేడు అరిగింది. అరిగిన చోటునుంచి గంగ కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. మేము తుడవలేదని తిట్టుకున్న తడి ఆ గంగదే. దానివల్లే చిలుము, ఆ చిలుమును చూసి మళ్లీ మా రుద్దుడు. భక్తితోనే రుద్దాం. ఎవరిని అనాలి?

"తీసిండ్రా?" అంది అవ్వ, కళ్లు మూసుకునే.

"తీస్తున్నమే అవ్వా. మాటు జర గట్టిగున్నది" అన్నాడు తమ్ముడు. లేచి బండి తాళం తీసుకుని, నన్ను వాకిట్లోకి పిలిచాడు. "ధర్మపురి పోయి గంగ తెస్తనక్కా. నేను వచ్చేదాక అవ్వను..." అని ఆపేసి, ఖాళీ సీసా ఒకటి పట్టుకుని వెళ్లిపోయాడు.

మరదలు నా చెవి దగ్గర చెప్పింది. "వదినా, మన నల్లాల వచ్చేది గంగ నీళ్లే గదా. పైపులేసి గాడికెల్లే పంపుతున్నరు. ఫికర్ జెయ్యకుండ్రి, గవ్వే పోద్దాం."

నిజమే. కానీ అవ్వ అడిగింది ఆ చెంబులోని గంగను. నల్లా నీళ్లయినా సరే, ఆ చెంబులోంచి పోస్తే ఇచ్చిన మాట సగమైనా నిలుస్తుందనిపించింది. అయితే చిలుము పట్టిన దాంట్లో నీళ్లు తాగితే విషమని మాకు నేర్పింది అవ్వే. ముందు లోపల కడగాలి. నేను చింతపండు, ఉప్పు, గుప్పెడు నూకలు తీసుకుని పెరట్లో నల్లా దగ్గరికి పరుగెత్తాను.

చెంబు మూతిలోకి వేలు పోదు. చింతపండు నీళ్లు పోసి, నూకలు వేసి, అరచెయ్యి అడ్డం పెట్టి గిలక్కొట్టాను. పారబోస్తే పచ్చటి నీళ్లు. మళ్లీ పోశాను, మళ్లీ గిలక్కొట్టాను. మళ్లీ పచ్చగానే వచ్చింది. స్వామీ, ఒక్కసారి తేటనీళ్లు రానియ్యి, ఒక్క గుక్కకు సరిపడా రానియ్యి అని మొక్కుతూనే ఉన్నాను. నీళ్ల రంగు కాస్త పలచబడింది. ఇంకొక్కసారి అనుకున్నాను.

"వదినా!"

మరదలు ఒకే ఒక్కసారి పిలిచింది. ఆ పిలుపులోనే తెలిసిపోయింది. తడిచేతులతో లోపలికి వెళ్లేసరికి, మరదలు మంచం మీద కూర్చుని అవ్వ తలను ఒళ్లో పెట్టుకుని ఉంది. పక్కన స్టీలు గ్లాసు, చేతిలో ఉద్ధరిణి. అవ్వ పెదవులు తడిగా ఉన్నాయి. ఊపిరి లేదు.

తమ్ముడు తెచ్చిన గంగతో అవ్వకు ఆఖరి స్నానం చేయించాం. అది కూడా దొరకనివాళ్లు ఎందరు! వాడు మాత్రం ఆ సీసాను ఒంపుతున్నంతసేపూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మైల ఉన్నన్నాళ్లూ దేవుని అర్ర తలుపు తెరవలేదు. తెరిచేసరికి ఇత్తడంతా మాడిపోయినట్టు ఉంది. నేను చెప్పకుండానే మరదలు చింతపండు నానబెట్టింది. దుకాణం పొడి మాట ఎత్తలేదు. ఇద్దరం నల్లా దగ్గర కూర్చున్నాం. నేనే అడిగాను.

"పిల్లా, నువ్వు నీళ్లు పోసినప్పుడు అవ్వ ఏమన్న అన్నదా?"

"గంగనేనా అని అడిగింది వదినా."

"నువ్వేమన్నవ్?"

"గంగనే అత్తా అన్న. అబద్ధం గాదు గదా."

"నమ్మిందా?"

"మింగింది. సల్లగున్నది అన్నది. జరసేపాగి, బిడ్డేది, కనవడతలేదు అన్నది." మరదలు చేతిలోని పళ్లెం రుద్దడం ఆపింది. "నల్లా కాడ మీ చెంబు తోముతున్నది అత్తా అన్న. ఇగ తోముడు సాలు, దాన్ని రమ్మను అన్నది. గందుకే నేను పిలిచిన వదినా. మీరు వచ్చేదాక ఆగలే."

నేను చేతిలోని దీపంతెను కింద పెట్టేశాను. మరదలు తన చింతపండు చేతులతోనే నా చేతులు పట్టుకుంది. అవ్వ తల ఆఖరికి ఒక బిడ్డ ఒళ్లోనే ఉంది. ఆ బిడ్డను మా ఇంటికి పంపిన దేవునికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. అవ్వ పిలిచింది మాత్రం నన్ను.