వెనక సీటు నుంచి బండి చూసిన డ్రైవరు

మా పక్కింటి డ్రైవరు పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కన్నుమూశారు. కాఫీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలారట. గ్లాసు తీసుకుపోవడానికి భార్య వచ్చేసరికి మనిషి లేరు. గోడ అవతల నుంచి ఆమె నన్ను పిలిచిన తీరులోనే నాకు సంగతి తెలిసిపోయింది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సు నడిపిన మనిషి ఆయన. ఇది చదువుతున్న మీలో కొందరు ఆ బస్సులో కాలేజీకి పోయి ఉంటారు. చీనీ కాయల మూట, అదే బత్తాయిల మూట, పైన వేయించుకుని సంతకు పోయి ఉంటారు. అయినా ఆయన ముఖం మీకు గుర్తుండదు. బస్సెక్కినవాళ్లు డ్రైవరు వీపు చూస్తూ కూర్చుంటారు. ఆ ముఖాన్ని దగ్గరగా చూసినదాన్ని గనుక నేను రాస్తున్నాను.

నేను ప్రొద్దుటూరులోనే లెక్కల టీచరుగా పనిచేశాను. మా వీధి పిల్లలు ఇప్పటికీ నన్ను చూస్తే సైకిలు దిగి నడిపించుకుంటూ పోతారు. నా కచ్చితత్వం ఇంట్లో వాళ్లకు విసుగు. డ్రైవరుకు మాత్రం అది పనికొచ్చింది. ఆయన రిటైరైన తర్వాత మా వీధిలో ఎవరు కారు కొనాలన్నా ముందు ఆయన్ని షోరూముకు పిలుచుకుపోయేవారు. ఆయన నడిపి చూసి, తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చుని చెప్పేవారు. నేను రాసేదాన్ని. "నోటి మాట బజారు చేరేలోపల మారిపోతాది. నువ్వు రాయి టీచరమ్మా" అనేవారు. అట్టబైండు పుస్తకంలో బండికి ఒక పేజీ, పేజీకి పన్నెండు వరుసలు. ఎక్కడం దిగడం, బ్రేకు, క్లచ్చి, తలుపు వేసినప్పటి చప్పుడు, ఎత్తు ఎక్కే తీరు. ఏడో వరుస గతుకులది. ఆ పుస్తకం చూడకుండా మా వీధిలో ఎవరూ బండి తెచ్చుకోలేదు. మా ఇద్దరికీ మాత్రం కారు లేదు.

కొన్నాళ్లకు ఆయన పద్ధతి మార్చారు. కొనేవాళ్లనే నడపమని, తాను వెనక సీట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే, "తోలేటోనికి ఏ బండైనా బాగనే ఉంటాది, వాని చేతిలో చక్రం ఉంది గదా. ఎనక కూసున్నోళ్ల నడుము చెప్తాది బండి సంగతి" అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది. నేను దాన్ని పుస్తకం మొదటి పేజీలో రాసి కింద గీత గీశాను.

ఇక నా సంగతి. మా అక్క పులివెందులలో ఉంటుంది. పడి తుంటి విరిగినప్పటి నుంచి మంచం దిగదు. ఫోన్లో మాట వినపడదు. నా మోకాళ్లు బస్సు మెట్టు ఎక్కనివ్వవు. అప్పటికి ఏడాదీ నాలుగు నెలలుగా అక్క ముఖం చూడలేదు. జమ్మలమడుగులో ఉద్యోగం చేసే మా మనవరాలు చిన్న కారు కొంటానన్నప్పుడు నేను ఒకటే మాట చెప్పాను. నేను ఒకరి చెయ్యి పట్టకుండా ఎక్కి దిగగలిగిన బండైతేనే పులివెందులకు వస్తాను. అక్క ఇంటి ముందు నలుగురు నన్ను మూట దించినట్టు దించడం నాకు ఇష్టం లేదు.

డ్రైవరుతో కలిసి షోరూముకు పోయాం. అక్కడి అమ్మాయి చురుకైనది. కారు ముందరి తెర వెలిగించి పాటలు, మ్యాపులు చూపించబోయింది.

"పాపా, టీవీ మా ఇంటికాడ ఉంది. ముందు తలుపు తెరువు" అన్నారు డ్రైవరు.

తెరిచింది. నేను ఎక్కబోయాను. ఆయన ఆపారు.

"ఈడ కాదు. ఈడంతా బండపరుపు. టీచరమ్మ దిగేది కాలవ పక్కన, రాళ్లలో. బండి బయటికి తీయండి."

బయట మురుగుకాలువ అంచున, వాలులో, ఎడమ తలుపు, కుడి తలుపు, ఒక్కొక్కటీ రెండేసిసార్లు. ఎనిమిదిసార్లు ఎక్కించి దించారు. ఎనిమిదోసారి నాకు ఆయాసం వచ్చింది.

"ఏమప్పా, నాతో కవాతు చేయిస్తాండావా?"

"మా పిల్లోళ్లతో పదమూడో ఎక్కం ఎన్నిసార్లు అప్పజెప్పించుకున్యావు? ఇప్పుడు నీ వంతు" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "సీటు కుర్చీ మాదిరుండాల. గుంత మాదిరుంటే ఎక్కేది సులువే, లేసేది యాతన. ఇది మేలు" అన్నారు.

నేను ఎవరి చెయ్యీ పట్టలేదు. అది మొదటి వరుసలో రాసుకున్నాను.

"టెస్ట్ డ్రైవు బైపాసు దాకానే సార్" అంది షోరూం అమ్మాయి.

"బైపాసు మీద ఎద్దులబండి కూడా మెత్తగనే పోతాది పాపా. జమ్మలమడుగు రోడ్డుకు పోనీ."

ఆ అమ్మాయి ఫోన్లో ఎవరినో అడిగి ఒప్పించుకుంది. మనవరాలు నడుపుతోంది, పక్కన షోరూం అమ్మాయి. వెనక మేమిద్దరం, నా ఒళ్లో పుస్తకం. డ్రైవరు మూత తీసిన నీళ్ల సీసా చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్కటే చెప్పసాగారు. "ఇప్పుడు కల్వర్టు వస్తాది. ఆ, వచ్చె. ఊగలేదు, రాయి. ముందర ఎడమ మలుపు." ప్రతిదీ రాకముందే చెప్పారు. షోరూం అమ్మాయి పూర్తిగా వెనక్కి తిరిగింది.

"రోడ్డంతా మీకు నోటికొచ్చా సార్?"

"ముప్పై ఒక్క యేండ్లు తోలితిని పాపా. పెండ్లాం ముఖమన్నా మర్చిపోతానేమో గానీ ఈ రోడ్డు మర్చిపోతానా?"

అంతలో ఒక బడి వచ్చింది. బడి ముందు కొత్తగా స్పీడ్ బ్రేకరు వేసి, తెల్లచారలు కొట్టారు. దూరానికే కనిపిస్తోంది. మనవరాలు నిదానించింది. షోరూం అమ్మాయి పిడి పట్టుకుంది. నేను ముందు సీటు పట్టుకున్నాను. డ్రైవరు కళ్లు ఇప్పుడు తెరిచే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఆయన సీసా నోటి దగ్గరికి ఎత్తారు. నీళ్లు గడ్డం మీద, చొక్కా మీద పడ్డాయి.

బండి పెద్దగా ఎగరలేదు. నేను ఆయన వైపు చూశాను. ఆయనా నా వైపు తిరిగారు. కానీ ఆ చూపు నా మీద కాదు, నా భుజం పక్కన ఉన్న అద్దం మీద ఆగింది. కొన్నాళ్లుగా పేపరు భార్యతో చదివించుకోవడం, నేను మాట్లాడాకే నన్ను పలకరించడం, గ్లాసు కోసం అరుగు తడమడం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. లెక్క తేలింది. నా పెన్ను ఆగిపోయింది.

జమ్మలమడుగు దాటి పెన్న వంతెన ముందు బండి ఆపి, ఆడపిల్లలిద్దరూ టీకి దిగారు. తలుపు పడిన చప్పుడు విన్నాక ఆయన అడిగారు.

"ఏడో వరుస ఏం రాసినావు?"

"ఇంకా రాయలేదు."

"నీటికాసులంట. రెండు కండ్లకూ. పోయిన చూపు రాదనిరి. మా యింటామెకు తప్ప యెవరికీ తెలీదు."

నేను మెత్తగా అడిగే మనిషిని కాను. "స్టీరింగు ముట్టుకునేది ఎప్పుడు మానేసినావు?" అన్నాను.

"డాక్టరు చెప్పిన దినమే. మోటారుసైకిలు తాళాలు కూడా ఆమె చేతికిచ్చేస్తిని. బస్సులో ఎక్కినోళ్లకు ఒకరికీ గీటు పడనీలేదు టీచరమ్మా. ఇప్పుడు పడనిస్తానా?" సీసాకు మూత బిగించారు. "రాయొద్దు. డ్రైవరుకు కండ్లు లేవంటే ఇంగ నన్నేంటికి పిలుస్తారు? అరుగు మీద కూసోబెడతారు."

"పుస్తకంలో అబద్ధం రాయను."

"అబద్ధం ఎవరు రాయమనిరి? ఖాళీగా ఇడువు. నేను పోయినంక రాసుకో."

జవాబు పక్కన కిలోలనో మీటర్లనో రాయడం మరిచిన పిల్లలకు అర మార్కు తగ్గించినదాన్ని. ఆ వరుస ఖాళీగా వదిలాను. మిగిలిన పదకొండూ నింపాను. ఆ కారే కొన్నాం.

మొదటిసారి పులివెందులకు పోయినప్పుడు ఆయన్ని కూడా రమ్మన్నాను. బడి దగ్గరికి వస్తుంటే నాకు తెలియకుండానే పెన్నుతో పుస్తకం అట్ట మీద రెండుసార్లు కొట్టాను. ఆయన చేతిలోని సీసా కిందికి దించారు. మేము దాన్ని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత వీధిలో ఎవరు బండి చూడబోయినా నేనూ వెనక సీట్లో ఎక్కేదాన్ని. ఈ వయసులో టీచరమ్మకు కార్ల పిచ్చి పట్టిందని నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను.

మొదటిసారి పోయిన ఆ రోజు అక్క ఇంటి ముందు నేనే దిగాను, నేనే నడిచి లోపలికి పోయాను. అక్క నా ముఖం చూడకముందే మోకాళ్లు చూసింది.

"ఏమే, వీటిని అరువు తెచ్చుకున్యావా?" అంది. తర్వాత గడప దగ్గర నిలబడిన మనిషిని చూసి, "ఎవరీయప్ప?" అని గట్టిగా అడిగింది.

"బస్సు డ్రైవరక్కా, మా పక్కిల్లు" అని చెవిలో చెప్పాను.

"నా చెల్లెల్ని తెచ్చేదానికి ఇన్ని దినాలు పట్టిందా నీకు?"

"నడుమ స్టాపులు శానా ఉన్నాయి పెద్దమ్మా" అని గట్టిగా అన్నారాయన. అక్క పగలబడి నవ్వింది. వచ్చేటప్పుడు ఆయన ఒళ్లో సంచీడు చీనీ కాయలు పెట్టించింది. దారంతా వాటిని చేతుల్లో తిప్పుతూ, ఏది పండో ఏది పచ్చిదో తొక్క తడిమి చెప్పారు.

దినాలు అయ్యాక ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. "రాయక్కా. నీకు చెప్పే పోయినాడంట గదా" అన్నారు. పుస్తకం తీసి ఆ పేజీలో ఏడో వరుస నింపాను: కొత్త స్పీడ్ బ్రేకరు దగ్గర నీళ్లు ఒలికాయి. తప్పు బండిది కాదు. డ్రైవరుకు చూపు లేదు. ఆయన ఈ బండి గురించి చెప్పిన ప్రతి మాటా సరిపోయింది.

మొన్న ఆదివారం మళ్లీ అక్క దగ్గరికి బయలుదేరాం. నేను ఎడమ పక్క, ఎప్పటిలాగే. కుడి పక్క సీట్లో అక్క కోసం తీసుకుపోతున్న మందుల సంచీ, నీళ్ల సీసా. బడి వచ్చింది. స్పీడ్ బ్రేకరు మీద తెల్లచారలు సగం చెరిగిపోయాయి. నా పెన్ను అట్ట మీద రెండుసార్లు పడింది. మనవరాలు అద్దంలో ఒకసారి చూసి, బండి నిదానం చేసింది. పక్క సీట్లో సీసాలోని నీళ్లు ఒక అంచుకు లేచి, నెమ్మదిగా సర్దుకున్నాయి.