బాపు మింగిన బట్ట

గంజి వాసన వేసే కొత్త బట్ట చేతికి తగిలితే ఇవాళ్టికీ దాన్ని ఒకసారి తిరగేసి చూస్తాను.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో, చొప్పదండిలో మా బాపు మగ్గం నేసేవాడు. ఆయన ఇక్కడ దగ్గితే అక్కడ కరీంనగర్ కచేరీ పెంకులు ఎగిరిపడేవి. ఇచ్చోడ దిక్కు నుంచి వచ్చిన బైరాగి ఒకాయన యోగంలో దీనికి క్రియ ఉందన్నాడు. సన్నటి బట్ట పేలికను తడిపి, మెల్లగా మింగి, మళ్లీ బయటికి లాగితే కఫమంతా దానికి అంటుకుని వస్తుందట.

ఆ పేలికను బాపు తనే నేసుకున్నాడు. ఆయన మింగుతుంటే అది ఇచ్చోడ దాకా పొడుగున్నట్టు కనిపించేది. బయటికి లాగగానే నేను దాన్ని తిరగేసి మరగేసి దగ్గు కోసం వెతికేవాణ్ణి.

"బాపూ, దగ్గు దొరకలే!"

"కొస దాకా వచ్చి మల్ల లోపటికి ఉరికింది కొడుకా. రేపు పట్టుకుందాం" అని నవ్వబోయి దగ్గేవాడు.

ఆ దగ్గు నూలు దుమ్ముదేనని, బట్టలోంచి వచ్చినదాన్ని బట్టతోనే లాగబోయామని తెలిసేసరికి నాకు మీసాలు నెరిశాయి.

వానాకాలం ఒక పొద్దున దగ్గు ఆగిపోయింది. నేను వాడకట్టంతా చాటింపు వేసి వచ్చేసరికి ఇంటి నిండా జనం. నా చాటింపుకే వచ్చారనుకున్నాను.

"క్రియలకు కొత్త బట్ట కావాలె" అన్నాడు పెద్దబాపు.

నన్ను కన్న అవ్వ లేచి, మగ్గం మీద బాపు సగం నేసిన బట్టను కోసి తెచ్చింది.

"గింత పెద్ద బట్ట బాపు ఎట్ల మింగుతడే, అవ్వా?"

అవ్వ నన్ను పొట్టకు అదుముకుంది. "మింగుడు అయిపోయింది కొడుకా. గిది కప్పుడే."

చలి కదా అని, బాపు కాళ్లు బయటపడకుండా ఆ బట్టను నేనే సర్ది కప్పాను.