సార్ సెంటర్ వాకిట్లో చెప్పుల కుప్ప

మా కంప్యూటర్ సార్ పోయినాడన్న వార్త నాకు ఆత్మకూరులో, నేను పనిచేసే కాలేజీ ల్యాబులో, పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు ద్వారా అందింది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలో ఒక మహానుభావుడు ప్లాట్ల అమ్మకం ప్రకటన పెట్టాడు. అలవాటుకొద్దీ దానికీ ఎవరో చేతులు జోడించారు. పాఠకులు మన్నించాలి, నాకు ముందు కన్నీళ్లు రాలేదు. రోత పుట్టింది.

నిజం చెప్పాలంటే సార్‌ను తలచుకున్నా మొదట కలిగేది రోతే. ఉదయగిరి బస్టాండు వెనక సందులో ఆయన కంప్యూటర్ సెంటరు. లోపలికి దుమ్ము రాకూడదు కాబట్టి చెప్పులు వాకిట్లోనే విడవాలన్నది అక్కడి మొదటి శాసనం. లోపల మాత్రం మౌసు కింద బిస్కెట్ పొడి, సీపీయూ డబ్బాలో బల్లి గుడ్లు, ఎప్పుడో తాగి వదిలిన టీ గ్లాసులో బూజు. ఆ బూజు మీద కూడా ఆయనకు మమకారమేనని మా బ్యాచి నమ్మకం. ఆయన ఏదీ పారేయడు. తెగిపోయాయని వదిలేసినవి, తొందరలో ఒకరివి ఒకరు తొడుక్కుపోగా మిగిలినవి, అన్నీ కలిసి వాకిట్లో చెప్పుల కుప్ప. వానాకాలంలో ఆ వాసన గురించి రాయకపోవడమే సంస్కారం.

ఒకసారి నేను చీపురు పట్టుకుని బయలుదేరితే సార్ కుర్చీలోంచి కదలకుండానే అడ్డం పడ్డాడు.

"నీవా అవి?"

"కాదు సార్."

"నీవి కానివాటిని పారేసేదానికి నువ్వెవుడివిరా? ఉండనీ. ఎవుడో ఒకడు వస్తాడు."

"ఒంటి చెప్పు కోసం ఎవుడొస్తాడు సార్?"

"రెండో చెప్పు ఉండేవాడు వస్తాడు బేటా."

పాత కంప్యూటర్లకు లైనక్సే దిక్కని ఆయన నమ్మాడు, మాకూ అంటించాడు. నేను ఈరోజు జీతం తీసుకుంటున్నది ఆ జబ్బు పుణ్యానే. లైనక్స్‌లో కెర్నల్ అంటే బండికి ఇంజను లాంటిది. అప్‌డేట్ చేసినప్పుడల్లా కొత్త కెర్నల్ వచ్చి పాతదాని పక్కన చేరుతుంది. ఇవన్నీ బూట్ పార్టిషన్ అనే చిన్న గదిలో ఉంటాయి. మిషను ఆన్ చేయగానే ముందు వెతుక్కునేది ఆ గదినే. సార్ ఆ గదిని అగ్గిపెట్టె అంత కట్టాడు. "వాకిలి ఎంతుంటే ఏందిరా, ఇల్లు పెద్దదే ఉండాది కదా" అన్నాడు. మామూలుగా మరీ పాత కెర్నళ్లను సిస్టమే ఊడ్చేస్తుంది. సార్ ఒక్కోదానికీ గుర్తు పెట్టి ఆ ఊడ్పును ఆపేవాడు.

"కొత్తోడు కాలు జారితే పట్టుకునేది పాతోడేరా."

"ఒకడు చాలు కదా సార్. వంశమంతా ఎందుకు?"

ఆయన నా వైపు జాలిగా చూసి బూజు గ్లాసు పక్కన ఇంకో గ్లాసు పెట్టాడు.

మూడోనాటి ప్రార్థన, జియారత్, అయిన మరునాడు సార్ కూతురు ఫోన్ చేసింది. సార్ మంచాన పడ్డప్పటి నుంచి సెంటరు ఆమే చూసుకుంటోంది.

"అన్నా, అబ్బా పోయిన రోజు ఆపిన పెద్ద మిషన్ మళ్లా లేవలా. అది లేకపోతే మిగతావి కూడా పనిచెయ్యవు. చాచా పాత సామాన్ల ఆటోను పిలిపించినాడు. సాయంత్రం లోపల లేవకపోతే అన్నీ ఎత్తించేసి షట్టర్ దించేస్తానంటాడు. నాకు సెంటర్ కావాలన్నా."

ఉదయగిరి బస్సెక్కాను. వెళ్లేసరికి సందులో ఆటో సిద్ధంగా ఉంది. ఆ చాచా, అంటే సార్ తమ్ముడు, సార్ కుర్చీలో కూర్చుని, కాళ్లు బల్ల మీద పెట్టి, బండి తాళంతో చెవి గోక్కుంటున్నాడు. కాళ్లకు చెప్పులు అలాగే ఉన్నాయి. ఆ వాకిలి దాటి చెప్పులతో లోపలికి వచ్చిన మొదటి మనిషి ఆయనే అనుకుంటాను.

"వచ్చినావా ఇంజనీరూ. సచ్చినదాన్ని లేపుతావా?"

"మనుషులను లేపేది మా సిలబస్‌లో లేదు. మిషన్ అయితే చూస్తా."

సంగతి త్వరగానే తెలిసింది. మంచాన పడేముందు సార్ చివరిగా చేసిన పని అప్‌డేట్ నొక్కడం. అగ్గిపెట్టె గది అప్పటికే కిక్కిరిసి ఉంది. కొత్త కెర్నల్ సగం లోపలికొచ్చి గుమ్మంలో ఇరుక్కుపోయింది. ఇన్నాళ్లూ ఆపకుండా నడిచిన మిషను, ఇప్పుడు ఆ సగందాన్ని పట్టుకుని లేవబోయి పడిపోతోంది.

మళ్లీ ఆన్ చేసి, మొదట వచ్చే మెనూలో పాత కెర్నళ్ల వరస తెరిచాను. సార్ వంశమంతా దర్శనమిచ్చింది. కొత్తదానికి ముందుదాన్ని ఎంచుకున్నాను. లేచింది. కొత్తోడు కాలు జారాడు, పాతోడు పట్టుకున్నాడు. మట్టిలో కలిసి కూడా నాతో వాదన గెలిచిన మనిషి మీద ఒళ్లు మండింది.

ఇక గది ఖాళీ చేయాలి. పాతవి తీసేయమంటే, ముందు ఆగిపోయిన అప్‌డేట్ పూర్తి చేయమంటుంది. అది పూర్తి చేయబోతే స్థలం లేదంటుంది. ఈ సాఫ్ట్‌వేర్ ఏ సర్కారు ఆఫీసులోనో పుట్టి ఉంటుంది. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చూసుకుని, దాని జోలికి పోకుండా, అన్నిటికన్నా ముసలిదాని పెద్ద ఫైలును చేత్తో తుడిచేశాను. కాస్త గాలాడింది. అప్‌డేట్ పూర్తయింది. తర్వాత సార్ పెట్టిన గుర్తులు ఒక్కొక్కటే విప్పి మిగతావాటిని సాగనంపాను.

"అన్నా, ఒక పాతది ఉంచు" అంది కూతురు వెనక నుంచి.

"ఉంచినాలేమ్మా. లేకపోతే మీ అబ్బా నన్ను బతకనిస్తాడా?"

తిరిగి ఆన్ చేస్తే మిషను ఏ నాటకమూ ఆడకుండా లేచింది. సార్ తమ్ముడు మెడ సాచి చూశాడు.

"ఇంతసేపూ చెత్త ఊడ్చినావా?"

"అంతే. మీ అన్న ఆస్తి అదే."

"చాచా, ఆటోను పంపించెయ్" అంది ఆ అమ్మాయి. గొంతు పెంచలేదు. "చెప్పులు బయట విడిచి రా."

ఆయన కాళ్లు దించాడు. "ఖాళీగా ఎట్ట పంపేది వాణ్ని?"

వాకిట్లో కుప్పను నేను చూపించాను. ఇన్నేళ్ల నా కోరిక. ముక్కుకు రుమాలు కట్టుకుని గోతాంలోకి తోస్తుంటే ఒక చెప్పులో జెర్రి కాపురం బయటపడింది. సగం తోశానో లేదో, సీతారామపురం బస్సు దిగిన ఒక ముసలాయన సందులోకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగబ్బా, ఆగు. నాదుండాది దాంట్లో."

ఆయన కాళ్ల వైపు చూశాను. ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది.

"పింఛను పనికొచ్చి, తొందరలో ఒకటి ఎవురిదో ఏసుకోని పోయినాను. ఇంటికాడ చూసుకున్నా. మళ్లా ఇటు పక్క రాను కుదర్లా."

గోతాంలో చెయ్యి పెట్టి కెలికి, నల్లదాని జతను బయటికి లాగి, దులిపి తొడుక్కున్నాడు. మిగిలిన కుప్పనూ గోతాంలోకి తోసి ఎక్కించాక ఆటో వెళ్లిపోయింది. విడిచిన గోధుమరంగు చెప్పును ఆయన ఊడ్చిన వాకిట్లో, గోడ వారగా, జాగ్రత్తగా పెట్టాడు.

"ఇది ఎవురిదో. ఉండనీండి, వస్తాడు. సారు లేడా పాపా?"

"లేడు తాతా."

"వస్తే చెప్పమ్మా, దొరికిందని."

"చెప్తాలే" అంది ఆ పిల్ల.

ఆయన రెండు నల్ల చెప్పులూ టపటపలాడించుకుంటూ బస్టాండు వైపు వెళ్లిపోయాడు. వాకిలి అంత ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. గోడ వారగా ఒక్క చెప్పు. చీపురు నా చేతిలోనే ఉంది.